నేరం ఒప్పుకున్నాక

బుచ్చిబాబు గారు ఈ పూట కూడా పళ్ళేన్ని చేత్తో అవతలికి జరిపేశారు.

"ఆకలి లేదు" అన్నారు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన నోట వస్తున్న మాట అదొక్కటే. ఆకలి లేకపోవడం ఆ మనిషికి బుద్ధెరిగిన తరవాత ఎన్నడూ రాని జబ్బు. పెళ్ళిళ్ళలో మొదటి బంతిలో కూర్చుంటే వడ్డించేవాళ్ళు అలిసిపోవాలి గానీ ఆయన లేచేవారు కాదు. అలాంటాయన ముందు అన్నపూర్ణ గారు అల్లం దట్టించి వేసిన పెసరట్టు చల్లారి, అంచులు ముడుచుకుని పడి ఉంది.

"మీరు తిండి మానేస్తే జడ్జిగారు జాలిపడి కేసు కొట్టేస్తారా?" అంది అన్నపూర్ణ గారు. గొంతులో కోపమే ఉంది గానీ, పళ్ళెం తీసుకెళ్ళే చెయ్యి ఆయన భుజాన్ని ఒకసారి తాకి వెళ్ళింది.

నరేంద్ర చదవని పేపరు మడిచి టీపాయ్ మీద పడేశాడు. "తినకండి నాన్నా. నన్ను తీసుకెళ్ళాక ఎలాగూ ఈ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి."

వంటింట్లో కుళాయి కింద గిన్నెలు గట్టిగా మోగాయి. మహిత లోపలి గదిలో జడ వేసుకుంటూ అన్నీ వింటోంది. ఆదివారం పొద్దున్న మసిగుడ్డలా నలిగిపోతున్న ఈ ఇంట్లోంచి ఎటైనా కాసేపు పారిపోవాలని ఆమెకు ఉంది. ఎటు పోతుంది? పుట్టిల్లు నారాయణగూడలోనే. అక్కడికి పోతే అమ్మ మనోరమ మొహం చూసే కనిపెట్టేస్తుంది.

రెండు అఫిడవిట్లు ఫ్రిజ్ మీద మందుల డబ్బా కింద ఉన్నాయి. ఒకటి బుచ్చిబాబు గారిది, ఒకటి మహితది. లాయరు త్రివేణి గారి గుమాస్తా తెచ్చి ఇచ్చి, సోమవారం అప్పీలు వేయకపోతే గడువు పోతుందని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. సోమవారం అంటే రేపే. నిన్న ఉదయం బుచ్చిబాబు గారు కళ్ళజోడు పెట్టుకుని తన కాగితం చదివారు. మధ్యాహ్నం నుంచి తిండి లేదు.

దాంట్లో ఉన్న సంగతి చిన్నదే. బుచ్చిబాబు అనే నేను కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. తాగి బండి నడిపిన కేసే కదా, నేరం ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని నా కొడుక్కి నేనే చెప్పాను. పోలీసులు ఆపితే ఆగకుండా పారిపోయిన నేరం, హోంగార్డును గాయపరిచిన నేరం కూడా అందులో కలిసి ఉన్నాయని గానీ, ఒప్పుకుంటే ఏమవుతుందని గానీ అతనికి తెలియదు. ఇప్పటి బెంచి క్లర్కు ఉమాకాంత్ నా మీద అభిమానం కొద్దీ ఆ కేసును తొందరగా పిలిపించాడు, నా కొడుక్కి ఎవరూ ఏదీ విడమర్చి చెప్పలేదు. ఇంతే. మహిత కాగితంలో ఉన్నదీ అదే సారం. ఆ రోజు కోర్టు హాల్లో ఉన్నాను, నా భర్తకు ఏమీ అర్థం కాలేదు, అని.

ఈ హైదరాబాదులో తాగి దొరికినవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఇంట్లోవాళ్ళని ఒకరిని వెంటబెట్టుకుని కౌన్సెలింగుకు వెళ్ళాలి. తరవాత కోర్టులో అందరితోపాటు వరుసలో నిలబడి, పేరు పిలవగానే "ఒప్పుకుంటున్నానండీ" అనాలి. ఫైను కట్టి భోజనాల వేళకు ఇల్లు చేరాలి. ఆ పేర్లు పిలిచే పనే బుచ్చిబాబు గారు సర్వీసంతా చేశారు. ఒప్పుకోనని మొండికేసినవాడు నెలల తరబడి తిరగడం, ఒప్పుకున్నవాడు చేతులు దులుపుకుని పోవడం కళ్ళారా చూశారు. కొడుకు కేసు కూడా ఆ వరుసలోదే అనుకున్నారు.

అది ఆ వరుసలోది కాదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో తన దగ్గర చదివిన పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయని విందు చేస్తే, రాజ్యాంగం పాఠాలు చెప్పే పాలిటీ సారు నరేంద్ర అందులో తాగి, వానలో కారు నడుపుకుంటూ వచ్చి, నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర తనిఖీ చూసి బండి వెనక్కి తిప్పాడు. ఆపబోయిన హోంగార్డు ఈదయ్య మీద బారికేడు పడి కాలు విరిగింది. నరేంద్ర ఆగలేదు. చిక్కడపల్లి సందులన్నీ తిరిగి, సొంత ఇంటికి కూతవేటు దూరంలో దొరికాడు. ఒప్పుకున్నందుకు జరిమానాతో పాటు ఏడాది జైలు పడింది. అప్పీలు వేసుకోవడానికి శిక్ష ఆపి బయట ఉంచారు, అంతే.

"చెప్పింది మీరే కదా నాన్నా?" నరేంద్ర మళ్ళీ మొదలుపెట్టాడు. "ఉన్నమాట రాసివ్వడానికి ఏంటి కష్టం?"

"నేను చెప్పానని రాస్తాను" అన్నారు బుచ్చిబాబు గారు. "నా మొహం మీద ఉమ్మేసినా సరే, రాస్తాను. కానీ ఉమాకాంత్ ఏం చేశాడురా? నాకు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. దానికి వాడి ఉద్యోగం తియ్యమంటావా?"

"నా ఉద్యోగం పోతే?"

ఆయన కాసేపు తన అరచేతుల్ని చూసుకున్నారు. తరవాత చాలా మెల్లగా అన్నారు. "పోనీ, ఉమాకాంత్ సంగతి అలా ఉంచు. నీకు తెలియదని నేనెలా రాయను? నీ మనసులో ఏముందో నాకేం తెలుసు?"

"తెలియదని నేను చెప్తున్నానుగా!"

గుమ్మంలోకి వచ్చిన మహిత అక్కడే ఆగిపోయింది. నరేంద్ర ఆ మాట తండ్రితో అన్నాడు గానీ, ఆమె వైపు చూడకుండా ఉండటానికి పడిన అవస్థ ఆమెకు స్పష్టంగా కనిపించింది. మొగుడూ పెళ్ళాలన్నాక ఆ మాత్రం తెలియకపోదు.

"పోదాం పాండి" అంది. "త్రివేణి మేడం పదింటికల్లా రమ్మన్నది."

*

త్రివేణి గారి ఆఫీసు నారాయణగూడలో మిఠాయి కొట్టు పైన. కింద జిలేబీ వేగుతుంటే పైన జనం తమ కష్టాలు చెప్పుకుంటారు. ఆవిడ జూనియర్‌గా ఉన్నప్పుడు బుచ్చిబాబు గారి టేబుల్ ముందు వాయిదా తేదీల కోసం నిలబడిన మనిషి. ఆ కృతజ్ఞతతోనే ఈ కేసు తీసుకుంది. అంతమాత్రాన మెత్తబడే రకం కాదు.

ముందుగా పెద్దాయన సంతకం పెట్టారా అని అడిగింది. ఇంకా లేదని తెలిసి పెదవి విరిచింది. అప్పీలు సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నేరం ఒప్పుకున్నవాడికి ఆ తీర్పు తప్పని అనే హక్కు ఉండదు. శిక్ష కాస్త తగ్గించమని వేడుకోవచ్చు. తగ్గించినా నేరస్థుడనే ముద్ర పోదు, లోపలికి పోవడమూ తప్పకపోవచ్చు. గోడకు ఉన్న సందు ఒక్కటే. ఆ ఒప్పుకోలే అసలు ఒప్పుకోలు కాదనీ, తెలియక అన్న మాటనీ చూపించగలిగితే కేసు మళ్ళీ మొదటికి వస్తుంది.

"కానీ మీతోని నాకు ఒక పరేషాన్ ఉంది సార్" అని నరేంద్ర వైపు తిరిగింది. "మీరు పాలిటీ చెప్తరు. అశోక్‌నగర్‌ల ఏ గోడ చూసినా మీ ఫొటోనే. సర్కారు వకీలు గదే పట్టుకుంటడు. రాజ్యాంగం చెప్పేటాయనకు ఇది తెల్వదా అంటడు. సీదా చెప్పండి. నేరం ఒప్పుకుంటే అప్పీలు ఉండదని క్లాసుల ఎన్నడన్న చెప్పిండ్రా?"

"లేదండీ" అన్నాడు నరేంద్ర. ఏమాత్రం తడుముకోలేదు. "నేను చెప్పేది రాజ్యాంగం. క్రిమినల్ ప్రొసీజర్ మా సిలబస్‌లోనే లేదు."

ఆవిడ ఒక ముక్క రాసుకుని మహిత వైపు చూసింది. "మీరు గూడ ఆయన స్టూడెంటే కద?"

అవును, మహిత ఆయన స్టూడెంటే. అసలు కథంతా అక్కడే మొదలైంది. గ్రూప్-టూ కోచింగ్‌కు పోయి, రెండో బెంచీలో కూర్చుని, పాఠం మీద మొదలైన ఇష్టం సారు మీదికి పాకి, అమ్మతో నెలల తరబడి పోట్లాడి ఆంధ్రా ఇంటి కోడలైంది. ఆ పాఠాలతోనే సెక్రటేరియట్‌లో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరైంది. ఏ పాఠం ఏ రోజు చెప్పాడో కూడా ఆమెకు గుర్తే.

"యాదికి లేదు మేడం" అంది.

అబద్ధం ఆడటం ఇంత తేలికా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

త్రివేణి గారు పెన్ను మూత పెట్టింది. "చూడండి మహిత గారు, నేను అబద్ధం రాయమంటలేను. మీరు చెప్పిందే రాసిన. మీరు గవర్నమెంటు నౌకరీల ఉన్నరు. రేపు ఇది అబద్ధమని తేలితే మీ మీద గూడ కేసైతది. మంచిగ ఆలోచించుకుని సంతకం పెట్టండి." మామా కోడళ్ళ కాగితాలు రెండూ ఉంటేనే ఈ మాట నిలబడుతుందనీ, పెద్దాయనది లేకపోతే మహితది ఒక్కటే పనికిరాదనీ కూడా చెప్పింది.

ఆ చివరి మాట మహిత మనసులో పట్టుకుంది. మామగారు పెట్టకపోతే తను పెట్టక్కర్లేదు. మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికినట్టు ఆమె ఆ మాటనే పట్టుకుని మెట్లు దిగింది.

*

ఆటో వద్దు, నడుద్దామంది. నరేంద్ర ఎదురు చెప్పలేదు. ఈ మధ్య అతను ఆమె మాటకు ఎదురు చెప్పడం మానేశాడు. ఆమెకు అది కూడా కోపంగానే ఉంది.

నారాయణగూడ చౌరస్తాలో ఇప్పుడు ఈదయ్య స్థానంలో ఇంకెవరో కుర్రాడు ఈల ఊదుతున్నాడు. ఈదయ్యకు కర్ర లేకుండా నడక రాదట, స్టేషన్లోనే కూర్చోబెట్టి ఏవో పనులు చేయిస్తున్నారట. తీర్పు వచ్చిన వారం మహిత ఎవరికీ చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళింది. తిడతారని సిద్ధపడి వెళ్ళింది. ఈదయ్య పెళ్ళాం మాసమ్మ తిట్టలేదు. కుర్చీ తుడిచి వేసి, "సారు కోర్టుల తప్పు ఒప్పుకున్నడంట గద బిడ్డా. పెద్ద పెద్దోళ్ళు మేం గుద్దనే లేదంటరు. ఈయన ఒప్పుకున్నడు. గదొక్కటి మా పానానికి సల్లగ ఉన్నది" అంది. మహిత ఆ రోజు ఆ ఇంటి చాయ్ తాగలేక తాగింది.

ఇప్పుడు ఆ ఒప్పుకోవడమే ఉత్తదని రాసివ్వాలి.

ఫ్లైఓవర్ కింద నీడలో ఆమె ఆగింది. పక్కనుంచి బస్సులు పోతున్నాయి. గట్టిగా మాట్లాడినా ఎవరికీ వినపడదు.

"మీరు క్లాసుల చెప్పిండ్రు సార్" అంది.

కోపం వస్తే ఆమె ఇంకా అతన్ని సార్ అనే అంటుంది. నరేంద్ర మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నేను రెండో బెంచీల కూసున్న. స్పీడీ ట్రయల్ చెప్పుకుంట, డ్రంకెన్ డ్రైవ్‌ల దొరికినోళ్ళంత గొర్రెల లెక్క ఒప్పుకుని పోతరు, ఒప్పుకున్నంక తీర్పు మీద అప్పీలు ఉండదని గూడ వాళ్ళకు తెల్వదు అన్నరు. క్లాసంత నవ్వింది. నేను గూడ నవ్విన. లాయరమ్మకు లేదని ఎట్ల చెప్పిండ్రు?"

అతని గొంతు పాఠం చెప్పే సారుది కాదు, ఎవరో చిన్న పిల్లాడిది.

"తెలుసు మహీ. కాగితం మీద ఏమేం నేరాలు రాశారో కూడా చదివాను. చదివాకే ఒప్పుకున్నాను."

"ఎందుకు?"

"నువ్వూ చూశావుగా ఆ రోజు. నాన్నకి కుర్చీ వేశారు. పాతవాళ్ళంతా వచ్చి దణ్ణాలు పెడుతున్నారు. 'మా అబ్బాయండీ, ఒప్పుకుంటాడు, గొడవేం లేదు' అని నాన్న అందరికీ చెప్పేశారు. ఆయన పరువుగా బతికింది ఆ గదిలోనే. నేను లేచి, ఒప్పుకోను, కేసు నడపండి అంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు? ఒకవేళ శిక్ష పడినా ఫైనుతోనో, ఒకటి రెండు రోజులతోనో పోతుందనుకున్నాను."

ఇన్నాళ్ళుగా ఆమె అతన్ని పిరికివాడనుకుంది. తాగి పారిపోయినప్పుడు పిరికివాడే. ఆ బోనులో నిలబడ్డప్పుడు కూడా పిరికివాడేనా, లేక ఇంకేమైనానా, ఆమెకు తేలలేదు. జాలి వేసింది, ప్రేమ కూడా వేసింది. మరుక్షణం ఇంట్లో పస్తు పడుకున్న ముసలాయన గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"మరి మామయ్యను ఎందుకు తిడుతున్నరు? నా కొడుకు గొంతు నేనే కోసిన అనుకుని ఆయన అన్నం మానేసిండు. తెలిసే ఒప్పుకున్నా నాన్నా అని ఒక్క మాట చెప్తే ఆయన పానం నిమ్మళమైతది కద."

"చెప్తే ఆయన సంతకం పెట్టరు." నరేంద్ర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నడిరోడ్డు మీద అతను అలా పట్టుకోవడం అదే మొదలు. "అబద్ధమని తెలిస్తే నాన్న ప్రాణం పోయినా పెట్టరు. నీకు తెలుసుగా ఆయన సంగతి. దయచేసి చెప్పకు మహీ. నేను లోపల ఉండలేను. ఒక్క రాత్రి స్టేషన్లో ఉన్నాను, చాలు."

ఆమె చెయ్యి విడిపించుకోలేదు, చెప్పనని మాట కూడా ఇవ్వలేదు. ఇద్దరూ చిక్కడపల్లి దాకా నడిచారు. కూరగాయల బండి దగ్గర ఆగి ఆమె అలవాటుగా బెండకాయలు విరిచి చూసింది. బండివాడు విరవొద్దని విసుక్కున్నాడు. ఆ చిన్న మాటకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

*

సాయంత్రం నరేంద్ర టెస్టు పేపర్లు చర్చించాలని కోచింగ్ సెంటర్‌కు వెళ్ళిపోయాడు. అన్నపూర్ణ గారు చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళింది. వెళ్ళేముందు కోడలి చెవిలో, ఎలాగైనా ఆయనచేత ఇంత తినిపించు, ఆ సంతకం కూడా పెట్టించు, నువ్వు చెప్తే వింటారు అని బతిమాలింది. అత్తగారు బతిమాలడం మహితకు అలవాటు లేదు. తలూపింది.

బుచ్చిబాబు గారు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఎదురు మేడ గోడ మీద కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ. అందులో నరేంద్ర కోటు వేసుకుని నవ్వుతున్నాడు.

"కూర్చో అమ్మాయ్" అన్నారు.

ఆమె గడప మీద కూర్చుంది. ఆయన తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా, పాత ఉద్యోగం సంగతులు ఎత్తారు. సాక్షి బోనెక్కగానే ప్రమాణం చేయించడం ఆయన పని. ఎంతమందిచేత చేయించారో లెక్క లేదు. వాళ్ళలో సగం మంది అబద్ధాలాడతారని తెలుసు. వాడు నోరు తెరవక ముందే, వాడి గొంతులో ప్రమాణం పలికే తీరును బట్టే తెలిసిపోయేది. అలాంటివాణ్ణి చూస్తే ఆయనకు ఆ రోజంతా అన్నం సయించేది కాదట. తను మాత్రం ఎప్పుడూ బోనెక్కలేదు, ఎక్కాల్సిన అవసరం రాదనుకున్నారట.

"ఇప్పుడు ఆ కాగితం మీద ప్రమాణం చేసేది నేనే" అన్నారు. "ఉమాకాంత్ గురించి రాత్రంతా ఆలోచించానమ్మా. వాడికి అన్యాయమే. అయినా కన్నకొడుకు కదా, ఆ పాపం మొయ్యగలనేమో అనిపించింది. కానీ రెండో మాట ఉంది చూడు, వాడికి తెలియదన్న మాట. అది నిజమని నాకు ఎవరైనా చెప్పాలి. వాడు చెప్తున్నాడు. వాడి గొంతు నాకు నచ్చలేదు."

ఆయన కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశారు.

"ఈ ఇంట్లో నీ మాట నమ్ముతాను. వాడికి నిజంగా తెలియదా?"

తెలియదు అంటే ఈయన సంతకం పెడతాడు, ఆ తరవాత తనూ పెట్టాలి. తెలుసు అంటే ఈయన పెట్టడు, భర్త జైలుకు పోతాడు. కానీ అప్పుడు అబద్ధపు ప్రమాణం తన మెడకు చుట్టుకోదు. మాసమ్మకు మొహం చూపించగలదు. ఉమాకాంత్ ఉద్యోగం నిలుస్తుంది. ఈ ముసలాయన గుండె మీది రాయి దిగుతుంది. ఇన్ని మంచి కారణాలు వెతుక్కుంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎన్ని చెప్పుకున్నా, భర్తను లోపలికి తోసే మాట తన నోటితోనే రావాలి.

"తెలుసు మామయ్యా" అంది. "అన్నీ తెలుసు. క్లాసుల ఆయనే మాకు చెప్పిండు. ఆ రోజు కాగితం గూడ చదివిండు."

కింద రోడ్డు మీద ఎవరో స్కూటర్ ఎంతకీ స్టార్టు కాక తంటాలు పడుతున్నారు.

"మరి ఎందుకు ఒప్పుకున్నాడు?"

"మీ కోసమే. మీరు అందరి ముందర ఒప్పుకుంటడని చెప్పిండ్రు కద. కాదంటే మీ పరువు పోతదని."

ఆయన పెదవులు ఒకసారి అదిరాయి. ఏడుస్తారేమో అనుకుంది. ఏడవలేదు. ఎంతోసేపు ఆ ఫ్లెక్సీ వైపే చూస్తూ ఉండిపోయారు. చివరికి తల తిప్పి, "పెరుగన్నం ఉంటే కాస్త కలిపి పెట్టమ్మా" అన్నారు.

ఆమెకు ఎంత ఊరట కలిగిందంటే, వంటింట్లోకి వెళ్ళి గట్టు పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. చెప్పేసింది. ఇక ఆయన సంతకం పెట్టరు. నరేంద్ర తన మొహం చూడకపోవచ్చు, అత్తగారు జన్మలో క్షమించకపోవచ్చు. అవన్నీ రేపటి సంగతులు. ఈ రాత్రికి తను ఎవరి మీదా అబద్ధపు ప్రమాణం చేయక్కర్లేదు. అన్నంలో పెరుగు పోసి, ఉప్పు వేసి, ఆయనకిష్టమని నిమ్మకాయ ఊరగాయ బద్ద పక్కన పెట్టి తీసుకెళ్ళింది.

ఆయన అంతా తిన్నారు. మెతుకు మిగల్చకుండా తిన్నారు. చెయ్యి కడుక్కుని తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. ఫ్రిజ్ దగ్గరకు వెళ్ళి మందుల డబ్బా పక్కకు జరిపారు. భోజనాల బల్ల మీద కాగితం పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ అడుగున సంతకం పెట్టారు. పేజీ తిప్పి రెండోదాని మీద కూడా పెట్టారు. ఫైళ్ళ మీద పెట్టిన అలవాటు చెయ్యి. ఎక్కడా తడబడలేదు.

"మామయ్యా, నేను చెప్పింది మీకు వినపడలేదా?" మహిత గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"వినపడిందమ్మా."

"అబద్ధమని తెలిసి ఎట్ల పెట్టిండ్రు?"

"వాడికి తెలియదనుకున్నంత సేపూ నేను ఆలోచించుకోగలిగాను. ధర్మం, అధర్మం అని పస్తు పడుకోగలిగాను." ఆయన ఆమె వైపు చూడటం లేదు. "తెలిసి కూడా నా మాట కాదనలేక జైలు దాకా వచ్చాడు వాడు. ఇప్పుడు నా చెయ్యి శుభ్రంగా ఉంచుకుని ఏం చేసుకోను?"

"మరి ఉమాకాంత్ గారు?"

ఆయన రెండో అఫిడవిట్ తీసి, ముడతలు అరచేత్తో సాపు చేసి, ఆమె ముందు పెట్టారు. పెన్ను దాని పక్కన పెట్టారు.

"నాకూ తెలుసు, నీకూ తెలుసు, వాడికీ తెలుసు. ఇంక ఈ ఇంట్లో తెలియనిది మీ అత్తయ్య ఒక్కర్తికే. ఆవిడ వచ్చేలోపు నీది కూడా పెట్టెయ్యి తల్లీ."

ఆయన కాదంటారన్న ధైర్యంతోనే ఆమె నిజం చెప్పింది. ఆ ధైర్యం ఇప్పుడు తడి ఆరని సంతకమై ఎదురుగా ఉంది. పెద్దాయనది లేకపోతే నీది పనికిరాదని లాయరమ్మ చెప్పిన మాట కూడా ఇక చెల్లదు. ఇప్పుడు అంతా ఆమె సంతకం మీదే ఆగి ఉంది.

మెట్ల మీద అన్నపూర్ణ గారి అడుగుల చప్పుడు వినిపించింది. ఆవిడ ఒక్కర్తే కాదు, వెనక నరేంద్ర గొంతు కూడా ఉంది. నాన్న తిన్నారా అని అడుగుతున్నాడు.

బుచ్చిబాబు గారు పెన్ను తీసి కోడలి చేతిలో పెట్టారు.